వెనక డ్రమ్ బ్రేకులు తీసి డిస్క్ బ్రేకులు బిగిస్తే మారేవేమిటి

పాత కారు వెనక చక్రం విప్పి, తుప్పుతో హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) అతుక్కుపోయిన బ్రేకు డ్రమ్మును సుత్తితో చుట్టూ తట్టి బయటికి లాగితే లోపల కనిపించేవి నల్లటి లైనింగ్ పొడి, ఎర్రబడిన స్ప్రింగులు, రబ్బరు తొడుగుల అంచున చెమర్చిన వీల్ సిలిండరు (బ్రేకు ఆయిలు ఒత్తిడితో షూలను డ్రమ్ము గోడకు నెట్టే చిన్న సిలిండరు). (ఆ పొడిని గాలి కొట్టి ఊదకూడదు, పాతకాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక తడిగుడ్డతో తుడవడమే క్షేమం.) ముందు చక్రాల డిస్కు మాత్రం రోజూ రుద్దుకుని అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన చూసినవారికి వెనక కూడా డిస్కులు పెట్టిస్తే కారు ఇంకా త్వరగా ఆగుతుందన్న ఆలోచన రావడం సహజం. కిట్లు దొరుకుతాయి, అదే మోడల్లో ఖరీదైన రకానికి కంపెనీయే వెనక డిస్కులు ఇచ్చి ఉండవచ్చు, బిగించే పని కూడా పైకి నాలుగు బోల్టుల వ్యవహారంలాగే కనిపిస్తుంది. అయితే బ్రేకులు ఏ చక్రానికా చక్రం విడిగా పనిచేసే పరికరాలు కావు. పెడల్ దగ్గర మొదలై నాలుగు టైర్ల కింద తేలే ఒకే తక్కెడ అది. వెనక భాగాన్ని మార్చడమంటే అందులో ఒక పళ్లెంలోని బరువును మార్చడమే.

డ్రమ్ము పాతకాలపుదీ డిస్కు కొత్తదీ అన్న భావన కూడా చరిత్రకు పూర్తిగా సరిపోదు. ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ బ్రేకును కారుకు అమర్చిన 1902లోనే బ్రిటన్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు పొందాడు. డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్లకు తగిన పదార్థం అప్పట్లో లేకపోవడంతో అది అరశతాబ్దం పాటు వెనకబడింది. 1953లో లె మాన్ 24 గంటల పందెంలో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గెలవడం, 1955లో సిట్రోయెన్ డీఎస్ పెద్ద సంఖ్యలో తయారయ్యే కార్లలోకి డిస్కును తేవడం జరిగాయి. ఆ డీఎస్‌కు కూడా డిస్కులు ముందు చక్రాలకే, వెనక డ్రమ్ములే. ముందు డిస్కు, వెనక డ్రమ్ము అన్న జోడీ ఆ తరువాత దశాబ్దాల తరబడి చిన్న కార్లలో నిలిచిపోయింది. దానికి ఖర్చు ఒక కారణమే గానీ ఏకైక కారణం కాదు. వెనక బ్రేకు చేయవలసిన పని ఎంత తక్కువో లెక్క వేస్తే మిగతా కారణం బోధపడుతుంది.

మనుషులతో కలిపి 1000 కిలోల బరువుండి, ముందు ఇరుసు మీద 600, వెనక ఇరుసు మీద 400 కిలోలు పడే ఒక కారును ఉదాహరణగా తీసుకుందాం. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు, కారు గురుత్వ కేంద్రం నేల నుంచి 0.55 మీటర్ల ఎత్తు అనుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు నొక్కితే మంచి టైర్లతో గురుత్వ త్వరణంలో 0.8 వంతు వరకు వేగం తగ్గుదల సాధ్యమవుతుంది. ఆ క్షణంలో కారు ముక్కు వంచుతుంది; 1000ని 0.8తోనూ 0.55తోనూ గుణించి 2.4తో భాగిస్తే వచ్చే 183 కిలోల బరువు వెనక నుంచి ముందుకు జరుగుతుంది. ముందు ఇరుసు మీద 783 కిలోలు, వెనక 217 కిలోలు మాత్రమే మిగులుతాయి. టైరు ఎంత బరువు మోస్తే అంతకు తగిన పట్టే ఇవ్వగలదు కనుక మొత్తం బ్రేకింగులో వెనక చక్రాలు పంచుకోగలిగేది అయిదో వంతు కంటే కొంచెం ఎక్కువ. అంతకు మించి వాటితో పని చేయించబోతే అవి తిరగడం మాని బిగుసుకుపోతాయి.

ముందు చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగ్ పనిచేయదు, కారు మాత్రం ఉన్న దిశలోనే తిన్నగా జారుతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు తోక పక్కకు తిరిగి, ఒక్క క్షణంలో బండి అడ్డం పడుతుంది. మామూలు డ్రైవరు దాన్ని సరిదిద్దడానికి వ్యవధి కూడా ఉండదు. అందుకే ఏ కారు రూపకర్త అయినా వెనక బ్రేకును ముందు బ్రేకు కంటే ఒక మెట్టు బలహీనంగానే ఉంచుతాడు. వెనక బ్రేకు గొప్పతనం దాని బలంలో లేదు, ఎక్కడ తగ్గాలో తెలిసి తగ్గడంలో ఉంది. డిస్కులకు మారదలచినవారు అడగవలసిన మొదటి ప్రశ్న కొత్త బ్రేకు ఎంత గట్టిగా పడుతుందన్నది కాదు, పాత బ్రేకు ఎంత పట్టేదో దానికి ఎంత దగ్గరగా పడుతుందన్నది.

ఆ పోలిక చేయాలంటే డ్రమ్ము లోపలి ఒక తమాషా తెలియాలి. వీల్ సిలిండరు రెండు షూలను (లైనింగు అంటించిన వంపు ముక్కలను) బయటికి నెట్టినప్పుడు, చక్రం తిరిగే వైపుకు ఒరిగే షూను డ్రమ్మే తనలోకి ఇంకా లాక్కుంటుంది. తలుపు కింద దూర్చిన చెక్కముక్క, తలుపును నెట్టేకొద్దీ మరింత బిగుసుకున్నట్టే ఇది. ఈ సహజమైన బిగింపు వల్ల నెట్టిన బలానికి రెండింతలకు పైగా ఘర్షణ బలం డ్రమ్ములో పుడుతుంది. డిస్కులో ఈ సాయం లేదు. ప్యాడ్లు రెండు వైపులా నొక్కుతాయి, ఘర్షణ గుణకం 0.4 అయితే నొక్కిన బలంలో 0.8 వంతు మాత్రమే ఘర్షణగా మారుతుంది. ఆ లోటు తీర్చడానికే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే పట్టకారు లాంటి భాగం) పిస్టన్ వీల్ సిలిండరు కంటే ఎంతో లావుగా ఉంటుంది.

మన ఉదాహరణ కారులో 0.8 వంతు తగ్గుదలకు ముందు క్యాలిపర్లకు సుమారు 60 బార్ల ఒత్తిడి కావాలనుకుందాం, 48 మి.మీ. పిస్టన్ ఉన్న ముందు క్యాలిపర్‌కు ఇది వాస్తవానికి దగ్గరగా ఉండే అంకె. అదే ఒత్తిడి వెనక్కి కూడా పూర్తిగా చేరితే, 19 మి.మీ. వీల్ సిలిండరు, 200 మి.మీ. డ్రమ్ము కలిసి ఒక్కో చక్రానికి దాదాపు 370 న్యూటన్ మీటర్ల బ్రేకు టార్కు (చక్రం తిరగకుండా ఆపే మెలి బలం) ఇస్తాయి. 34 మి.మీ. పిస్టన్ ఉన్న వెనక క్యాలిపర్, డిస్కు కేంద్రం నుంచి 100 మి.మీ. దూరంలో పట్టుకుంటే దాదాపు 435 వస్తుంది. ఇంతకీ ఆ క్షణంలో వెనక ఒక్కో చక్రం బిగుసుకోకుండా తీసుకోగలిగేది ఎంత? మోస్తున్న 108 కిలోల బరువుకు, 28 సెంటీమీటర్ల టైరు వ్యాసార్ధానికి లెక్క కడితే 240 న్యూటన్ మీటర్ల లోపే. అంటే పాత డ్రమ్ములోనే అవసరానికి మించిన బలం ఉంది, దాన్ని అదుపు చేయడానికే కంపెనీ వెనక గొట్టంలో ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించే వాల్వు) పెట్టింది. బలం కొరత ఎక్కడా లేదు. మంచి స్థితిలో ఉన్న డ్రమ్ముల స్థానంలో డిస్కులు పెట్టినంత మాత్రాన ఒక్కసారి గట్టిగా నొక్కినప్పుడు కారు ఆగే దూరం తగ్గదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు. హద్దు గీస్తున్నది టైరు, బ్రేకు కాదు.

వేడి మాటేమిటి? గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ 1000 కిలోల కారులో సుమారు 386 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. పూర్తిగా ఆగేలోపు అందులో వెనక ఒక్కో డ్రమ్ముకు చేరేది 42 కిలోజౌళ్లు. నాలుగు కిలోల పోత ఇనుప డ్రమ్ము దానితో 23 డిగ్రీల సెల్సియస్ వేడెక్కుతుంది. ముందు డిస్కు బరువు అయిదు కిలోలైతే అదే సమయంలో 65 డిగ్రీలు వేడెక్కుతుంది. కనుక ఒకటి రెండు సార్లు ఆపడంలో ముందుగా అలసిపోయేది ముందు బ్రేకే. పెద్ద దిగుడు రోడ్డు మీద బ్రేకు మీదే కాలు ఉంచి దిగేటప్పుడు పరిస్థితి వేరు. వేడి బయటికి పోయే దారి డ్రమ్ములో తక్కువ. పైగా వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది. 200 మి.మీ. డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం 0.4 మి.మీ. పైగా పెరుగుతుంది, ఆ మేరకు పెడల్ లోపలికి దిగుతుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్ల వైపుకే వస్తుంది. డిస్కుకున్న అసలైన ఆధిక్యం ఇదీ, నీళ్లలో తడిసినా ఒకటి రెండు చుట్లలో ఆరిపోయి మళ్లీ పట్టడమూ, నొక్కిన బలానికి నికరంగా స్పందించడమూ. డ్రమ్ములోని సహజ బిగింపు ఘర్షణలో చిన్న తేడాను పెద్దది చేసి చూపిస్తుంది. ఒక షూ మీద కాస్త నూనె మరక పడినా కారు ఒక పక్కకు లాగడానికి కారణం అదే.

ఈ లాభాల కోసమే మార్పు చేయాలనుకుంటే, అందరూ ముందుగా వెతికేది పెద్ద డిస్కు. నిజానికి ముందుగా చూడవలసింది పిస్టన్ వ్యాసం. పాత సామాను దుకాణంలో చవకగా దొరికిన ముందు క్యాలిపర్లను వెనకకు అమర్చే ప్రయోగాలు అక్కడక్కడా జరుగుతుంటాయి. 54 మి.మీ. పిస్టన్ ఉన్న అలాంటి క్యాలిపర్ మన ఉదాహరణలోని 60 బార్ల దగ్గర 1100 న్యూటన్ మీటర్ల దాకా టార్కు ఇస్తుంది. తీసుకోగలిగేది 240 అయినప్పుడు ఇది ఎంత అవివేకమో వేరే చెప్పనక్కరలేదు. వాల్వు తిప్పి ఒత్తిడి తగ్గించుకుంటే సరిపోతుంది కదా అన్న సమాధానం వినిపిస్తుంది. సరిపోదు. ప్రపోర్షనింగ్ వాల్వు ఒత్తిడి ఒక స్థాయి దాటిన తరువాతే వెనక వాటాను తగ్గించడం మొదలుపెడుతుంది. అంతకు ముందు వెనక, ముందు ఒకే ఒత్తిడి వెళుతుంది.

జారుడు రోడ్డు మీద ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా ఆ కింది భాగంలోనే. తడిసిన మట్టి పేరుకున్న రోడ్డు మీద తగ్గుదల 0.3 వంతుకు మించదనుకుంటే, ముందుకు జరిగే బరువు 69 కిలోలే. వెనక 331, ముందు 669 ఉంటాయి. వెనక బ్రేకు బలం ముందు బ్రేకులో సగానికి మించకుండా ఉంటేనే ముందు చక్రాలు మొదట బిగుసుకుంటాయి. పైన చెప్పిన డ్రమ్ము బలానికి ముందు బ్రేకు బలంతో నిష్పత్తి 0.43. 34 మి.మీ. పిస్టన్ డిస్కు నిష్పత్తి 0.50, అంటే హద్దు మీదే నిలబడింది. పిస్టన్ 30 మి.మీ. అయితే 0.39కి దిగి క్షేమంగా ఉంటుంది. వాల్వు ఇంకా నిద్రలేవని ఒత్తిడిలో ఈ తేడా అంతా జరుగుతుంది కనుక, పిస్టన్ సైజుతో చేసిన తప్పును ఏ వాల్వూ దిద్దలేదు. పొడి రోడ్డు మీద బ్రహ్మాండంగా ఆగిన కారు మొదటి వానకు అడ్డం తిరగడం వెనక ఉన్న కథ చాలాసార్లు ఇదే.

దీనికి తోడు డ్రమ్ములోని రిటర్న్ స్ప్రింగులను ఓడించి షూలు కదలడానికే కొన్ని బార్ల ఒత్తిడి ఖర్చవుతుంది. డిస్కులో అలాంటి అడ్డు దాదాపు లేదు. అందుచేత పెడల్ మీద కాలు ఆనించగానే వెనక బ్రేకు ఇదివరకటి కంటే ముందుగా పడుతుంది. కొన్ని పాత కార్లలో షూలు కదిలే దాకా ముందు డిస్కులను ఆపి ఉంచే మీటరింగ్ వాల్వు కూడా ఉంటుంది. నాలుగు చక్రాలకూ డిస్కులు వచ్చాక దాని అవసరం తీరిపోయినట్టే. ఉంచేస్తే తేలికపాటి బ్రేకింగ్ మొత్తం వెనక చక్రాల మీదే పడుతుంది. మాస్టర్ సిలిండరు (పెడల్ నొక్కితే ఆయిలుకు ఒత్తిడి ఇచ్చే ప్రధాన సిలిండరు) నుంచి వెనకకు వెళ్లే దారిలో రెసిడ్యువల్ వాల్వు ఉందేమో కూడా చూడాలి. వీల్ సిలిండరు రబ్బర్లు గాలి పీల్చకుండా ఇది గొట్టంలో సుమారు 0.7 బార్ల ఒత్తిడిని నిలిపి ఉంచేది. డ్రమ్ములో స్ప్రింగులు దాన్ని తట్టుకుంటాయి. డిస్కులో వెనక్కి లాగే స్ప్రింగు లేదు కనుక ప్యాడ్లు ఎప్పుడూ రుద్దుకుంటూనే ఉంటాయి, మైలేజీ పడిపోతుంది, చక్రం ముట్టుకుంటే కాలుతుంది.

వాల్వు విషయంలో ఇంకొక పొరపాటు తరచుగా జరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఎక్కువ భాగానికి బ్రేకు గొట్టాలు ఎక్స్ ఆకారంలో విడిపోయి ఉంటాయి. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒక సర్క్యూట్. ముందు కుడి, వెనక ఎడమ రెండో సర్క్యూట్. ఒకటి తెగినా రెండోది కారును ఆపాలన్నది దాని ఉద్దేశం. చేత్తో తిప్పుకునే వాల్వు ఒక్కటి కొని, వెనక గొట్టాలు రెండింటినీ టీ ముక్కతో కలిపి దాని గుండా పంపితే సర్క్యూట్లు రెండూ ఒకటైపోతాయి. ఎక్కడ ఒక్క చుక్క కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఇలాంటి కార్లలో ఒకే అచ్చుగా సర్దిన రెండు వాల్వులు గానీ, రెండు దారులున్న అసలు వాల్వు గానీ కావాలి. లోడును బట్టి వెనక ఇరుసు కదలికతో పనిచేసే వాల్వు ఉన్న కార్లలో దాన్ని పీకి పారేయడం కంటే ఉంచి, కొత్త బ్రేకుకు తగ్గట్టు సర్దడం మేలు. వెనక సీటు నిండా మనుషులున్నప్పుడూ డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడూ వెనక ఇరుసు అవసరాలు వేరు.

మాస్టర్ సిలిండరు మార్చాలా వద్దా అన్నదానికి ఒకే జవాబు లేదు. లావు పిస్టన్‌కు ఎక్కువ బ్రేకు ఆయిలు కావాలి గనుక పెద్ద మాస్టర్ సిలిండరు తప్పదని చాలామంది అంటారు. కానీ డిస్కులో ప్యాడు కదిలే దూరం వెంట్రుకవాసి. షూలు కదిలే దూరం అంతకంటే ఎక్కువ. రెండింటి ఘనపరిమాణాలు లెక్కిస్తే తేడా పెద్దగా రాకపోవచ్చు. వ్యాసాన్ని 19 నుంచి 22.2 మి.మీ.కి పెంచితే పెడల్ ప్రయాణం తగ్గుతుంది, కానీ అదే ఒత్తిడి తేవడానికి కాలితో 36 శాతం ఎక్కువ బలం పెట్టాలి. బూస్టరు (కాలి బలానికి తోడయ్యే పరికరం) లేని పాత కారులో ఆ తేడా పిక్కలకు తెలుస్తుంది. పాత సిలిండరుతోనే చూసి, పెడల్ మరీ లోతుకు దిగితేనే మార్చడం సబబు. రిజర్వాయరు సంగతి వేరు. డ్రమ్ములో లైనింగు అరిగితే అడ్జస్టరు షూలను బయటికి జరుపుతుంది కనుక ఆయిలు మట్టం పెద్దగా పడదు. డిస్కులో రెండు ప్యాడ్లూ కలిసి 16 మి.మీ. అరిగితే 34 మి.మీ. పిస్టన్ అంత మేరా బయటికి వచ్చి, ఆ ఖాళీని ఒక్కో చక్రానికి 14 మిల్లీలీటర్లకు పైగా ఆయిలుతో నింపుకుంటుంది. చిన్న రిజర్వాయరుంటే నిఘా అవసరం.

అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది హ్యాండ్‌బ్రేక్. డ్రమ్ములో అది చౌకగా, దాదాపు ఉచితంగా వచ్చిన సౌకర్యం. ఒక లీవరు, ఒక కేబుల్, షూలను తనలోకి లాక్కునే డ్రమ్ము. డిస్కుకు ఆ లాక్కునే గుణం లేదు కనుక అదే పట్టు రావాలంటే కేబుల్ మరింత బలంగా, మరింత దూరం లాగాలి. దీనికి దారులు కొన్ని ఉన్నాయి. క్యాలిపర్‌లోనే మర లాంటి యంత్రాంగం పెట్టి, బయటి లీవరుతో పిస్టన్‌ను నెట్టించే రకం చిన్న కార్లలో ఎక్కువ. డిస్కు మధ్యనున్న టోపీ లాంటి భాగంలో చిన్న డ్రమ్మును దాచి, దాన్ని హ్యాండ్‌బ్రేక్‌కే ప్రత్యేకించడం మరో రకం. నిలిపిన కారును పట్టి ఉంచడంలో దీనిదే పైచేయి, కానీ దానికి తగిన బ్యాక్ ప్లేటు దొరకడం కష్టం. కేబుల్‌తో మాత్రమే పనిచేసే చిన్న క్యాలిపర్‌ను డిస్కుకు ఇంకో చోట అదనంగా బిగించే పద్ధతి పందెపు కార్ల నుంచి వచ్చింది. హ్యాండ్‌బ్రేక్ లేకుండా హైడ్రాలిక్ లాకుతో సరిపెట్టుకోవడం మాత్రం ఒప్పుకోదగినది కాదు. రాత్రంతా ఒత్తిడి నిలుస్తుందన్న నమ్మకం లేదు, ప్రమాద సమయంలో ఆయిలు లేకున్నా పనిచేయవలసిన రెండో బ్రేకు అదే.

మొదటి రకం క్యాలిపర్ ఎంచుకుంటే పాత కేబుల్ పొడవు, అది లాగే దూరం సరిపోతాయా అని బిగించకముందే కొలవాలి. బిగించాక చేసే పొరపాటు కూడా ఒకటుంది. హ్యాండ్‌బ్రేక్ రెండు మూడు పళ్లలోనే పట్టాలన్న ఆత్రంతో కేబుల్‌ను టైటు చేస్తే, వదిలినప్పుడు క్యాలిపర్ మీది లీవరు తన ఆఖరి ఆనుకి పూర్తిగా చేరదు. అలా చేరకపోతే లోపలి అడ్జస్టరు తన పని చేయదు. ప్యాడ్లు అరిగేకొద్దీ హ్యాండ్‌బ్రేక్ వదులైపోతుంది, యజమాని కేబుల్‌ను ఇంకా బిగిస్తాడు, జబ్బు ఇంకా ముదురుతుంది. కేబుల్ విప్పేసి, పెడల్‌ను పదిసార్లు గట్టిగా నొక్కి అడ్జస్టరును దాని స్థానానికి రానిచ్చి, ఆ తరువాతే కేబుల్ బిగువు చూడాలి. ఈ రకం పిస్టన్‌ను కొత్త ప్యాడ్ల కోసం వెనక్కి పంపేటప్పుడు క్లాంపుతో నొక్కకూడదు, దాని ముఖం మీది గాళ్లలో తగిన పనిముట్టు పెట్టి తిప్పుతూ పంపాలి. బలవంతంగా నొక్కితే లోపలి మర విరుగుతుంది.

లోహపు పని విషయానికి వస్తే, ముందుగా చూడవలసింది బేరింగులు ఎక్కడున్నాయన్నది. చాలా చిన్న కార్లలో బేరింగులు డ్రమ్ములోనే ఇమిడి ఉంటాయి. డ్రమ్ము తీస్తే హబ్బే పోతుంది. అలాంటప్పుడు బ్రాకెట్టు ఒక్కటి సరిపోదు, విడి హబ్బు గానీ స్టబ్ యాక్సిల్ (హబ్బును మోసే ఇరుసు ముక్క) గానీ మార్చాలి. అదే మోడల్లో వెనక డిస్కులున్న రకం ఉండి ఉంటే స్టబ్ యాక్సిల్ నుంచి కేబుల్, మాస్టర్ సిలిండరు, వాల్వు వరకు ఆ సరంజామా మొత్తాన్ని తెచ్చుకోవడం అన్నిటికంటే తెలివైన పని; కంపెనీ ఇంజనీర్లు తూకం ముందే వేసి ఉంచారు. క్యాలిపర్ రిమ్ముకు తగలకుండా ఉందా అన్నది 13 అంగుళాల చక్రాలతో పెద్ద ప్రశ్న. బిగించే ముందు పాత రిమ్మును వట్టిగా పెట్టి తిప్పి చూడాలి. హబ్బు ముఖం మీద తుప్పు పెళ్ల ఒక్కటి మిగిలినా డిస్కు వంకరగా కూర్చుంటుంది. డయల్ గేజీ పెట్టి చూస్తే వంకర 0.1 మి.మీ. దాటకూడదు, దాటితే కొన్ని వేల కిలోమీటర్లలో పెడల్ కొట్టుకోవడం మొదలవుతుంది.

గొట్టాల చివరలు రెండు రకాలుగా మలచి ఉంటాయి, ఒకటి బుడగ ఆకారం, మరొకటి రెండు మడతల గరాటు ఆకారం. ఒకదాని చోట మరొకటి బిగుసుకున్నట్టే కనిపిస్తుంది, గట్టిగా నొక్కినప్పుడు కారుతుంది. ఇంతకంటే సులువుగా జరిగే తప్పు క్యాలిపర్లను కుడి ఎడమలు తారుమారు చేయడం. బోల్టులు సరిపోతాయి, ప్యాడ్లు సరిపోతాయి, చక్రం తిరుగుతుంది. కానీ గాలి తీసే నిపిల్ కిందివైపుకు వస్తుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కనుక ఎన్ని సీసాల ఆయిలు పోసి ఎయిర్ తీసినా పైభాగంలో బుడగ అలాగే ఉంటుంది, పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతుంది. నిందంతా మాస్టర్ సిలిండరు మీద పడుతుంది. నిపిల్ ఎక్కడుందో ఒక్కసారి వంగి చూస్తే తేలిపోయే విషయం ఇది. కొత్తగా పోసేది డాట్ 4 ఆయిలైతే మంచిది. తాజాగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 155. సిలికాన్‌తో చేసే డాట్ 5ను దీనితో కలపకూడదు.

ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న కారులో ఈ పనికి పూనుకోకపోవడమే ఉత్తమం. వెనక చక్రానికి ఎంత ఒత్తిడి పంపితే ఎంత పడుతుందో ఆ యూనిట్ పాత డ్రమ్ము లెక్కల ప్రకారం నేర్చుకుని ఉంటుంది. చాలా దేశాల్లో బ్రేకుల మార్పుకు అధికారిక తనిఖీ, ఆమోదం అవసరమవుతాయి. బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పు తరువాత క్లెయిము దగ్గర అడ్డు తగలవచ్చు.

ఇన్ని చిక్కుల మధ్య ఈ మార్పు ఎవరికి తగినది? ఇంజను మార్చి వేగం పెంచినవారికి, ముందు బ్రేకులను ఇప్పటికే పెద్దవి చేసుకుని వెనక తూకం కోల్పోయినవారికి, తరచుగా కొండదారుల్లో నిండు లోడుతో తిరిగేవారికి, డ్రమ్ము విడిభాగాలు ఇక దొరకని మోడల్ ఉన్నవారికి. రోజువారీ వాడకంలో ఉన్న పాత కారుకు అంతే ఖర్చులో కొత్త షూలు, కొత్త వీల్ సిలిండర్లు, లేతు పట్టించిన డ్రమ్ములు, మంచి టైర్లు వస్తాయి. ఆగే దూరం తగ్గేది వీటితోనే. తేలికపాటి వాడకంలో వెనక డిస్కులు పని చాలక తుప్పు పడతాయన్నది కూడా మరవరాదు. 2020లో మార్కెట్లోకి వచ్చిన ఎలక్ట్రిక్ కారు ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3కి వెనక డ్రమ్ములే పెట్టారు. మోటారే వేగం తగ్గించే కారులో వెనక బ్రేకుకు పని అరుదు, మూసి ఉన్న డ్రమ్ము తుప్పును బాగా తట్టుకుంటుంది. వెనక డ్రమ్మును పేదతనానికి గుర్తుగా చూసేవారు ఆ కారు వెనక చక్రం వైపు ఒకసారి చూడవచ్చు.

మార్చాలనే నిర్ణయించుకుంటే అసలు పరీక్ష వర్క్‌షాపులో కాదు, మనుషులు లేని విశాలమైన చదును స్థలంలో జరగాలి. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడేలా మధ్యస్థ వేగంలో ఇరవై ముప్పై సార్లు, మధ్యలో చల్లారనిస్తూ, పూర్తిగా ఆపకుండా బ్రేకు వేయాలి. ఆ తరువాత వాల్వును వెనకకు అతి తక్కువ ఒత్తిడి వెళ్లేలా తిప్పి ఉంచి, తక్కువ వేగంలో గట్టిగా నొక్కుతూ ఏ చక్రం ముందుగా బిగుసుకుంటుందో బయట నిలబడ్డ రెండో మనిషి చూడాలి. వెనక వాటాను కొద్దికొద్దిగా పెంచుతూ, వెనక చక్రం ముందుగా బిగుసుకున్న చోటు నుంచి స్పష్టంగా వెనక్కి తగ్గించి అక్కడ లాకు వేయాలి. ఇదంతా తడి నేల మీద మళ్లీ చేయాలి, ఒకసారి ఖాళీ కారుతో, ఒకసారి నిండు కారుతో. చివరిగా, డిస్కులు బాగా వేడిగా ఉన్నప్పుడు ఏటవాలు రోడ్డు మీద హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, అరగంట ఆగి చూడాలి. వేడి డిస్కు చల్లారేకొద్దీ పలచబడుతుంది, ప్యాడ్ల పట్టు సడలుతుంది. లాగిన క్షణంలో బండలా నిలిచిన కారు అరగంట తరువాత రాళ్లకు ఆనుకుని కనిపిస్తే కేబుల్ పని ఇంకా మిగిలి ఉన్నట్టే.